ఫిల్లింగ్, క్యాప్ వేయించాక అదే పన్ను మళ్లీ ఎందుకు పాడవుతుంది? పిల్లల నుంచి వృద్ధుల దాకా

తార్నాక_సందేహం

అందరికీ నమస్కారం. ఫిల్లింగ్ చేయించిన పన్నే కొన్నేళ్లకు మళ్లీ పుచ్చిందని, క్యాప్ కింద పన్ను కుళ్లిపోయిందని చాలామంది అంటుంటారు. లోపం మెటీరియల్‌దా, చేసినవాళ్లదా, చేయించుకున్నవాళ్లదా? ఒకే ఇంట్లో పాల పళ్ల పిల్లలు, షుగరున్న పెద్దలు, కట్టుడు పళ్ల తాతయ్యలు ఉంటే ఎవరికి ఏం చేయాలి? పని తెలిసినవాళ్లు వివరంగా రాయండి. "రోజూ రెండుసార్లు బ్రష్ చేయండి" అని చెప్పి వదిలేయొద్దని మనవి.

అంచు_డాక్టర్

ఫిల్లింగ్ నడిమధ్యలో పుచ్చదండీ. ఫిల్లింగుకూ పన్నుకూ మధ్య ఉన్న అంచు దగ్గర మొదలవుతుంది. అందులోనూ ఎక్కువసార్లు రెండు పళ్ల సందులో, చిగురును ఆనుకుని ఉన్న కింది అంచులో. కాబట్టి ఏ కంపెనీ సిమెంట్ వేశారన్న ప్రశ్నకన్నా, వేసేటప్పుడు ఆ అంచు పొడిగా ఉందా, వేశాక రోజూ ఎవరైనా దాన్ని శుభ్రం చేస్తున్నారా అన్న ప్రశ్నలే పెద్దవి.

పంటి రంగు ఫిల్లింగ్, అంటే కాంపోజిట్ సంగతి చూడండి. పుచ్చు తీశాక 37 శాతం ఫాస్ఫారిక్ యాసిడ్ జెల్ పూస్తారు. పైనున్న ఎనామెల్ మీద 15 నుంచి 30 సెకన్లు ఉంచొచ్చు, లోపలి డెంటిన్ మీద 15 సెకన్లు దాటకూడదు. కడిగేసి, డెంటిన్ మరీ ఎండిపోకుండా కాస్త చెమ్మ మిగిలేలా ఆరబెట్టి, బాండింగ్ ద్రవం రుద్ది, గాలి ఊది, లైట్ వేస్తారు. ఆపైన కాంపోజిట్ 2 మిల్లీమీటర్ల పొరలుగా, పొరకు సుమారు 20 సెకన్ల లైట్. బల్క్‌ఫిల్ రకమైతే 4 మిల్లీమీటర్ల దాకా ఒకేసారి పెట్టొచ్చు. గట్టిపడేటప్పుడు కాంపోజిట్ 2, 3 శాతం కుంచించుకుంటుంది. పెద్ద గుంతను ఒక్క ముద్దతో నింపేస్తే ఆ లాగుడుకు అంచు వదులుతుంది, అడుగున సగం ఉడికిన మెటీరియల్ మిగిలిపోతుంది.

ఈ వరుసలో ఎక్కడైనా ఉమ్మి గానీ చిగురు రక్తం గానీ తగిలిందంటే ఆ చోట పట్టు లేనట్టే. పైకి మాత్రం మెరుస్తూనే ఉంటుంది, ఏడాదో రెండేళ్లో పోయాక అంచున గోధుమ రంగు గీత కనిపిస్తుంది. పన్ను చుట్టూ రబ్బర్ డ్యామ్ అనే పల్చటి రబ్బరు షీటు బిగించేది ఇందుకే. చిగురు కిందికి దిగిపోయిన పుచ్చులో, నోరు పెద్దగా తెరవలేని మనిషిలో ఎంత చేసినా పొడిదనం కుదరదు. అక్కడ కాంపోజిట్ మీద పంతం వద్దు. గ్లాస్ ఐయనోమర్ వేయడం మేలు. చెమ్మను కొంత ఓర్చుకుంటుంది, పన్నుకు రసాయనికంగా అతుక్కుంటుంది, ఫ్లోరైడ్ వదులుతుంది. అరుగుదల ఎక్కువ, బలం తక్కువ. వేసిన తొలి రోజు దాని మీద గట్టివి నమలకూడదు.

సందులో వేసే ఫిల్లింగుకు ఇంకో చిక్కుంది. లోహపు పట్టీ, దాన్ని నొక్కి పట్టే చెక్క చీల సరిగా కుదరకపోతే పక్క పన్నుతో ఒరుపు రాదు. ఖాళీలో మాంసం పీచో చిక్కుడు పీచో రోజూ ఇరుక్కుంటుంది. ఫిల్లింగ్ అయ్యాక ఆ సందులో ఫ్లాస్ (సందులు శుభ్రం చేసే దారం) దించి చూడమని కుర్చీలోంచి లేవకముందే అడగండి. టక్కుమని దిగాలి, తేలిగ్గా జారిపోకూడదు, పీచులుగా చిరగకూడదు. చిరిగిందంటే కింద అంచు గరుకుగా పొడుచుకొచ్చి ఉందన్నమాట.

మెహదీపట్నం_ఎం

ఫిల్లింగ్ అయిన మర్నాటి నుంచి కొరికితే కలుక్కుమంటే? చల్లటివి తాగితే జివ్వుమంటే? ఎన్నాళ్లు ఆగాలి?

అంచు_డాక్టర్

రెండూ వేర్వేరండీ. కొరికినప్పుడే నొప్పంటే ఫిల్లింగ్ వెంట్రుకవాసి ఎత్తుగా ఉండటం మామూలు కారణం. మత్తులో ఉన్నప్పుడు కొరికి చూపించమంటే ఎవరికీ సరిగ్గా తెలియదు. వెనక్కి వెళ్తే రంగు కాగితం కొరికించి, మచ్చ పడ్డచోట గీకేస్తారు, ఐదు నిమిషాల పని. "అదే సర్దుకుంటుంది" అని వారాలు ఊరుకుంటే పంటి వేరు చుట్టూ వాపు వస్తుంది.

చల్లటికి జివ్వుమని వెంటనే తగ్గిపోతే రెండు మూడు వారాలు చూడొచ్చు. చల్లదనం పోయాక కూడా అర నిమిషం మించి సలుపు ఉన్నా, వేడికి పెరిగినా, రాత్రి దానంతటదే లేపినా లోపలి నరం చెడుతున్నట్టు. ఇక ఆగొద్దు.

చిన్న_పళ్లు

పిల్లల భాగం నేను రాస్తాను. ఎలాగూ ఊడిపోయే పళ్లే కదా అన్నమాట దగ్గరే సగం నష్టం జరుగుతోంది. ముందు పాల పళ్లు 6, 7 ఏళ్లకు ఊడితే, వెనక దవడ పాల పళ్లు 10 నుంచి 12 ఏళ్ల దాకా ఉండాలి. ఆఖరి పాల దవడ పన్ను ముందే పీకేస్తే దాని వెనకున్న ఆరేళ్ల పన్ను ముందుకు ఒరిగి, కింద నుంచి రావాల్సిన పన్ను దారి మూసేస్తుంది. తర్వాత క్లిప్పుల ఖర్చు. పీకక తప్పకపోతే ఆ ఖాళీని పట్టి ఉంచే స్పేస్ మెయింటెయినర్ పెట్టించాలి, దాని సిమెంట్ వదిలిందేమో ఆరు నెలలకోసారి చూపించాలి.

ఆరేళ్ల పన్ను గురించి ప్రత్యేకంగా చెప్పాలి. అది ఏ పాల పన్నూ ఊడకుండానే అన్నిటికన్నా వెనక మొలుస్తుంది. అందుకని తల్లిదండ్రులు అదీ పాల పన్నే అనుకుంటారు. నిజానికి జీవితాంతం ఉండాల్సిన మొదటి దవడ పన్ను అదే. నములుడు తలం మీద లోతైన గాడులుంటాయి, బ్రష్ వెంట్రుక వాటి అడుక్కి దిగదు. పన్ను పూర్తిగా బయటికొచ్చిన వెంటనే సీలెంట్ అనే పల్చటి పూత వేయిస్తే గాడి మూసుకుపోతుంది. మత్తు, డ్రిల్లు అక్కర్లేదు. యాసిడ్ పెట్టి కడిగి ఆరబెట్టాక పన్ను సుద్దలా తెల్లగా కనిపించాలి. కనిపించకపోతే ఉమ్మి తగిలిందని అర్థం, మళ్లీ మొదటి నుంచి చేయాలి. ఇలా 6, 7 ఏళ్లప్పుడు ఒకసారి, 12, 13 ఏళ్లప్పుడు రెండో దవడ పన్నుకు ఇంకోసారి. సీలెంట్ కొంత ఊడినా ఊడొచ్చు, ప్రతి చెకప్‌లో చూసి అతికించాలి.

పేస్టు కొలత: మూడేళ్లలోపు బియ్యపు గింజంత, మూడు నుంచి ఆరేళ్ల దాకా బఠానీ గింజంత. టీవీ ప్రకటనల్లో బ్రష్ పొడవునా పరిచినంత ఎవరికీ అవసరం లేదు. ఏడెనిమిదేళ్లు వచ్చేదాకా పెద్దవాళ్లే తోమాలి. పిల్లల వెనక నిలబడి, తల మన కడుపుకు ఆనించి, పెదవి ఎత్తి తోమితే లోపలంతా కనిపిస్తుంది. తోమాక ఉమ్మేస్తే చాలు, నీళ్లు పోసి పుక్కిలిస్తే ఫ్లోరైడ్ కొట్టుకుపోతుంది.

పాల సీసా నోట్లో పెట్టుకుని నిద్రపోయే పిల్లల్లో పై ముందు పళ్లు ముందుగా పోతాయి. చిగురు వెంట సున్నం గీత లాంటి తెల్ల చార కనిపించిందంటే అది పుచ్చుకు మొదటి మెట్టు. ఆ దశలో 5 శాతం సోడియం ఫ్లోరైడ్ వార్నిష్ మూడు నుంచి ఆరు నెలలకోసారి పూయిస్తే, రాత్రి సీసా మాన్పిస్తే గుంత పడకుండానే ఆగే వీలుంది. గుంత పడ్డాక, పిల్లవాడు కూర్చోనివ్వకపోతే 38 శాతం సిల్వర్ డయామైన్ ఫ్లోరైడ్ ఒక దారి. పుచ్చు ఆగుతుంది కానీ ఆ చోటు నల్లబడి అలాగే ఉంటుంది. ఈ సంగతి ముందే చెప్పించుకుని ఒప్పుకోండి. పూసేటప్పుడు పెదవికి తగిలితే అక్కడా నల్లమచ్చ పడుతుంది, అది మాత్రం కొన్ని రోజుల్లో పోతుంది.

ఉప్పల్_నాన్న

మేడమ్, పాల పన్నుకు రూట్ కెనాల్, దాని మీద స్టీల్ క్యాప్ అంటున్నారు. అవసరమా, బిల్లు కోసమా?

చిన్న_పళ్లు

ఎప్పుడు ఊడే పన్ను అన్నదాన్ని బట్టి. ఎక్స్‌రేలో వేరు చాలావరకు కరిగిపోయి, ఏడాదిలోపు ఊడేదైతే అవసరం లేదు. నాలుగైదేళ్ల పిల్లవాడి వెనక దవడ పన్నైతే అవసరం. పైభాగం నరం మాత్రమే తీసి మందు పెట్టడం ఒక రకం, వేరులోకంటా తీయడం ఇంకో రకం. అన్నిటికీ రెండోదే చేయాలని లేదు, ఏది ఎందుకో అడగండి.

స్టీల్ క్యాప్ చూడ్డానికి బాగుండదు, కానీ రెండు మూడు వైపులు పుచ్చిన పాల దవడ పన్నుకు దానంత నమ్మకమైనది లేదు. పెద్ద తెల్ల ఫిల్లింగులు అక్కడ విరిగిపోతుంటాయి. నరం దాకా పుచ్చు పోనప్పుడు అసలు డ్రిల్లే లేకుండా, మూడు నుంచి ఐదు రోజులు రబ్బరు రింగు పెట్టి సందు చేసి, గ్లాస్ ఐయనోమర్‌తో క్యాప్ నొక్కేసే హాల్ పద్ధతి ఉంది. కొన్ని రోజులు కొరుకుడు ఎత్తుగా అనిపిస్తుంది, వారాల్లో సర్దుకుంటుంది. పెద్దవాళ్ల పన్నుకు ఈ మాట వర్తించదు, అక్కడ పైన అంచు_డాక్టర్ గారు చెప్పినట్టు పుచ్చు తీసి, అంచు చూసి చేయాల్సిందే.

బోరు_నీళ్లు

మాది నల్లగొండ వైపు. అక్కడ ఫ్లోరైడ్‌తో పళ్లు పసుపు, గోధుమ చారలు పడినవాళ్లని చూస్తూ పెరిగినవాళ్లం. మళ్లీ పేస్టులో ఫ్లోరైడ్ ఉండాలంటే ఎలా నమ్మాలి?

చిన్న_పళ్లు

న్యాయమైన అడుగుడే. లెక్క వేద్దాం. మన దేశంలో మామూలు టూత్‌పేస్టులో ఫ్లోరైడ్ 1000 పీపీఎం (కిలో పేస్టుకు 1000 మిల్లీగ్రాములు) దాటకూడదని నిబంధన. బియ్యపు గింజంత పేస్టు సుమారు 0.1 గ్రాము, మొత్తం మింగేసినా 0.1 మిల్లీగ్రాము ఫ్లోరైడ్. అదే లీటరుకు 4 మిల్లీగ్రాములున్న బోరు నీళ్లు రోజుకు లీటరు తాగితే 4 మిల్లీగ్రాములు, అంటే నలభై రెట్లు. ఫ్లోరోసిస్ చారలు పన్ను లోపల తయారయ్యే వయసులో, అంటే ఎనిమిదేళ్లలోపు, మింగిన ఫ్లోరైడ్ వల్ల వస్తాయి. పేస్టు పని పైపైన. పన్ను ఉపరితలం మీద ఖనిజాన్ని తిరిగి కట్టిస్తుంది.

బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) 10500 ప్రమాణంలో తాగునీటికి ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే దిక్కు లేనప్పుడు 1.5 దాకా. హైదరాబాద్ నగరంలో మంజీరా, కృష్ణా, గోదావరి నల్లా నీళ్లు తాగేవాళ్లకు ఈ బెంగ తక్కువ. శివారు కాలనీల్లో బోరు నీళ్లే తాగేవాళ్లు ఒకసారి పరీక్ష చేయించుకోవాలి. కాయిస్తే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. ఆర్‌ఓలో చాలావరకు పోతుంది. ఆర్‌ఓ నీళ్లు తాగే ఇంట్లో పేస్టులో ఫ్లోరైడ్ ఉండటం మరీ ముఖ్యం.

అంచు_డాక్టర్

ఫ్లోరోసిస్ పళ్లకు అతికింపు పనులు చేసేవాళ్లు ఇంకోటి గుర్తుంచుకోవాలి. ఆ ఎనామెల్ యాసిడ్‌కు తేలిగ్గా లొంగదు. మామూలు సమయమే ఉంచితే ముందు పళ్ల వెనీర్లు (పైన అతికించే పల్చటి పెంకులు) ఊడొస్తాయి. పైపొర కాస్త గీకి, యాసిడ్ ఎక్కువసేపు ఉంచాలి. తేలిక మచ్చలైతే అసలు వెనీర్ దాకా పోనక్కర్లేదు, మైక్రోఅబ్రేషన్ (మచ్చ పడ్డ పైపొరను సన్నగా అరగదీయడం), ఆపైన బ్లీచింగ్ చేసి చూశాకే తక్కినది.

ల్యాబ్_బెంచ్

అన్నా, క్యాపుల ముచ్చట ల్యాబ్ దిక్కు నుంచి చెప్త. పేషెంట్లు జిర్కోనియానా (పంటి రంగుల ఉండే గట్టి క్యాప్ మెటీరియల్), ఏ కంపెనీ బ్లాకు (క్యాప్ చెక్కే ముద్ద), వారంటీ ఎన్నేండ్లు అని అడుగుతరు. మా దగ్గరికొచ్చే ఇంప్రెషన్‌ల (నోట్ల తీసిన పంటి అచ్చుల) అంచు కనబడకపోతే ఏ బ్లాకైనా ఒక్కటే. అంచు మీద బుడగ ఉంటే మేం అందాజగ గీస్కుంటం, గా అందాజనే నోట్ల సందు అయితది. ఆల్జినేట్‌తోని (నీళ్లు కలిపే అచ్చు పొడి) తీస్తే పది పదిహేను నిమిషాలల్ల ప్లాస్టర్ పొయ్యాలె. మే నెల ఎండల పొద్దుగాల తీసి సాయంత్రం దాక బండి డిక్కిల వెడితే గది కుంచించుకపోతది, క్యాప్ టైటయితది లేకుంటే ఎత్తయితది. క్యాప్‌కు, బ్రిడ్జ్‌కు (పోయిన పన్ను జాగల పక్క పళ్ల మీద నిలబెట్టే వరుస) అడిషన్ సిలికాన్ అనే రబ్బరు ముద్దతోని అచ్చు లేకుంటే స్కానర్, గంతే.

జిర్కోనియాల గూడ రకాలున్నయి. 3వై అంటరు, గది గట్టిది, జెర సున్నం లెక్క తెల్లగ గొడ్తది. 5వై అంటే వెలుతురు పోయేది, అందంగ ఉంటది, బలం తక్కువ. ముందు పళ్లకు 5వై, దవడ పళ్లకు 3వై పెడ్తే మంచిది. రంగు పొద్దుటి వెల్తుర్ల, పన్ను తడిగున్నప్పుడే చూడాలె. నోరు అరగంట తెరిచినంక పన్ను ఎండి తెల్లగైతది, గప్పుడు షేడ్ తీస్తే క్యాప్ పక్క పళ్లకన్న తెల్లగొస్తది. మల్ల ల్యాబోళ్లనే తిడ్తరు.

వారంటీ కార్డు గురించి: గది ముక్క విరిగితే మాత్రమే. లోపల పన్ను పుచ్చితే, సిమెంట్ వదిల్తే, చిగురు వాస్తే కార్డుల ఏం రాయదు. సదువుకోండ్రి.

అంచు_డాక్టర్

ల్యాబ్_బెంచ్ గారి మాటలు ప్రతి క్లినిక్ గోడకూ అంటించాలి. ఒక్కటి కలుపుతాను. నోట్లో పెట్టాక జిర్కోనియా ఎత్తుగా ఉందని గరుకు డైమండ్‌తో గీకి, మళ్లీ నున్నగా పాలిష్ చేయకుండా వదిలేస్తే ఎదుటి పన్ను అరిగిపోతుంది. గట్టి మెటీరియల్ అని కాదు, గరుకు వల్ల. నున్నగా పాలిష్ చేసిన జిర్కోనియా ఎదుటి పన్నుకు పింగాణీకన్నా మెతకగానే ఉంటుంది.

లోహం మీద పింగాణీ వేసిన పాత రకం క్యాప్ పనికిరాదని కొట్టిపారేసేవాళ్లతో మాత్రం ఏకీభవించను. అంచు బాగుంటే పదిహేనేళ్లు నడిచినవి చాలా ఉన్నాయి. పింగాణీ చిట్లడం, చిగురు దగ్గర నల్ల గీత దాని లోపాలు. పళ్లు కొరికే అలవాటున్నవాళ్ల వెనక దవడకు పూర్తి లోహపు క్యాప్ ఇప్పటికీ మంచిదే. దానికి పన్నును తక్కువ గీకితే సరిపోతుంది.

రూట్ కెనాల్ అయిన దవడ పన్నుకు క్యాప్ ఎందుకంటే పన్ను ఎండిపోతుందని కాదు. పుచ్చు, లోపలి గది కలిపి గోడలు మిగలవు, నమిలేటప్పుడు నిలువునా చీలుతుంది. నిలువునా చీలిన పన్నును పీకడం తప్ప దారి లేదు. నొప్పి పోయింది కదా అని తాత్కాలిక ఫిల్లింగ్‌తో నెలల తరబడి తిరగడం మన దగ్గర ఎక్కువ. ఆ తాత్కాలికం కనీసం 3.5 మిల్లీమీటర్ల మందం ఉన్నా రెండు మూడు వారాలకు మించి నమ్మకూడదు. ఉమ్మి లోపలికి దిగిందంటే చేసిన రూట్ కెనాల్ మళ్లీ మొదటికొస్తుంది. నెలలోపు క్యాప్ వేయించేయండి.

క్యాప్ నిలబడాలంటే చిగురు పైన చుట్టూరా 1.5 నుంచి 2 మిల్లీమీటర్ల అసలు పన్ను మిగిలుండాలి. అది లేనిచోట వేరు లోపల పోస్టు (కడ్డీ) పెట్టి కట్టినా కొన్నాళ్లకు పోస్టుతో సహా ఊడొస్తుంది. అలాంటప్పుడు చిగురు తగ్గించే చిన్న సర్జరీ చేయించడమో, పన్ను వదులుకోవడమో ముందే తేల్చుకోవడం నిజాయితీ. రూట్ కెనాల్ పన్ను పై దవడ మొదటిదైతే వేర్లలో నరం ఉండే నాలుగో కాలువ వెతికారా అని అడగడం తప్పు కాదు. చాలామందిలో ఉంటుంది. వదిలేస్తే ఏడాదికో రెండేళ్లకో చీము పట్టేది అక్కడే.

ఇరానీ_చాయ్

అన్నీ బాగానే ఉన్నాయి. చాయ్, ఉస్మానియా బిస్కెట్ మాత్రం మానమనకండి 😄

చిన్న_పళ్లు

మానమనడం లేదు. రోజుకు ఎన్నిసార్లన్నదే లెక్క. చక్కెర అందిన కొద్ది నిమిషాలకే పంటి మీది పాచిలో ఆమ్లం పెరిగి పీహెచ్ 5.5 కిందికి పడుతుంది, ఎనామెల్ కరగడం మొదలవుతుంది. ఉమ్మి దాన్ని తిరిగి సర్దడానికి అరగంట నుంచి గంట. రెండు చెంచాల చక్కెర ఒకే చాయ్‌లో తాగితే ఒక అరగంట పోతుంది, అదే చక్కెరను ఆఫీసులో ఆరు కటింగ్ చాయ్‌లుగా చప్పరిస్తే పళ్లకు కోలుకునే సందే ఉండదు. బిస్కెట్ ఇంకా పాపం, దవడ గాడుల్లో పిండి ముద్దలా అతుక్కుని ఉంటుంది. తిన్నాక నీళ్లతో గట్టిగా పుక్కిలించండి. నిమ్మ సోడా, కూల్‌డ్రింక్ తాగిన వెంటనే మాత్రం బ్రష్ చేయొద్దు, అరగంట ఆగండి.

చిగుళ్ల_పని

చిగుళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. ఎంత మంచి క్యాపైనా నిలబడేది ఎముక మీదే.

స్కేలింగ్ చేయిస్తే పళ్లు కదులుతాయన్న భయం ఎంత చెప్పినా పోవడం లేదు. గార పేరుకుని లోపల ఎముక ఎప్పుడో తిన్నది, గారే పళ్లన్నిటినీ కలిపి పట్టి ఉంచింది. అది తీసేసరికి ఉన్న కదలిక బయటపడింది, సందులు కనిపించాయి, వేరు తేలి చల్లటికి జివ్వుమంది. కదలిక వచ్చింది గార వల్ల.

చిగురు లోతును సన్నని కొలత పుల్లతో చూస్తారు. 1 నుంచి 3 మిల్లీమీటర్లు మామూలు. 4 దాటితే బ్రష్ చేరని జేబు, అక్కడ వేర్ల దాకా శుభ్రం చేయాలి. 6 ఆపైన ఉండి తగ్గకపోతే చిగురు తెరిచి చేసే ఫ్లాప్ సర్జరీ. మామూలు స్కేలింగ్ పై భాగానికే, అదొక్కటి చేసి పంపేస్తే జేబుల్లో రోగం అలాగే ఉంటుంది. అందుకని స్కేలింగ్‌కు ముందు ఆ కొలతలు రాశారా అని చూడండి.

షుగరున్నవాళ్లు: హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చూపే రక్త పరీక్ష) అదుపులో లేకపోతే చిగుళ్లు మానవు, చిగుళ్లలో చీముంటే షుగరూ దిగదు. చిగుళ్ల చికిత్స సరిగా జరిగితే మూడు నాలుగు నెలల్లో హెచ్‌బీఏ1సీ సుమారు 0.4 మేర తగ్గడం పరిశోధనల్లో తేలింది. వీళ్లకు ఆరు నెలలు కాదు, మూడు నెలలకోసారి చెకప్. అపాయింట్‌మెంట్ పొద్దున టిఫిన్, మందు అయ్యాక పెట్టుకోవాలి, పరగడుపున రావద్దు.

సందుల శుభ్రం: పళ్లు దగ్గరగా ఉంటే ఫ్లాస్, సందులు తేలినవాళ్లకు సన్న సీసా బ్రష్‌లా ఉండే ఇంటర్‌డెంటల్ బ్రష్. ఒకే నోట్లో రెండు సైజులు పట్టొచ్చు. బిగువుగా దూరాలి, నెట్టి దూర్చకూడదు, తీగ పన్నుకు రాసుకోకూడదు. బ్రిడ్జ్ కింద మామూలు ఫ్లాస్ పైనుంచి దిగదు, గట్టి మొన ఉన్న సూపర్ ఫ్లాస్ పక్క నుంచి దూర్చి మధ్య పన్ను అడుగున అటూ ఇటూ లాగాలి. బ్రిడ్జ్ పెట్టిన రోజే ఇది చేయించి చూపించకపోతే ఇంటికెళ్లాక ఎవరూ చేయరు. ఇంప్లాంట్ (దవడ ఎముకలో బిగించే లోహపు వేరు) పుచ్చదు కానీ దాని చుట్టూ ఎముక కరుగుతుంది, నొప్పి కూడా రాదు. క్యాప్ అతికించినప్పుడు చిగురు కింద మిగిలిపోయిన సిమెంట్ ఒక పెద్ద కారణం. పొగతాగేవాళ్లలో ఇది ఎక్కువ.

క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ 0.2 శాతందైతే 10 మిల్లీలీటర్లు, రోజుకు రెండుసార్లు, రెండు వారాలకు మించొద్దు. పళ్లు గోధుమ రంగు పడతాయి, రుచి పోతుంది. పేస్టుతో తోమిన వెంటనే వాడితే నురగ పదార్థం దాన్ని పనిచేయనివ్వదు, అరగంట తేడా ఉండాలి.

గర్భిణులకు చిగుళ్లు ఉబ్బి రక్తం రావడం హార్మోన్ల వల్ల పెరుగుతుంది. భయపడి బ్రష్ మానేస్తే ఇంకా పెరుగుతుంది. పళ్ల పనులకు నాలుగో నెల నుంచి ఆరో నెల దాకా అనువైన కాలం. చీము, వాపు ఉంటే ఏ నెలైనా ఆగొద్దు. వాంతయ్యాక వెంటనే తోమకుండా, గ్లాసు నీళ్లలో అర చెంచా వంటసోడా కలిపి పుక్కిలించండి.

సీతాఫల్‌మండి

వేప పుల్ల, ఉప్పు, ఎర్ర పళ్లపొడి? పెద్దవాళ్లకు అవే అలవాటు.

చిగుళ్ల_పని

వేప పుల్ల బాగా నమిలి మెత్తటి కుంచెలా అయ్యాక నిలువుగా వాడితే తప్పు లేదు, ఫ్లోరైడ్ మాత్రం అందులో లేదు. ఎర్రమన్ను పొడి, బొగ్గు, ఇటుక పొడి పన్నును అరగదీస్తాయి. గట్టి బ్రష్‌తో అడ్డంగా రుద్దినా అంతే. చిగురు దగ్గర గొడ్డలి నరుకులా గాడి పడుతుంది. అలవాటు మారకుండా ఆ గాడిలో ఎన్ని ఫిల్లింగులు వేసినా రాలిపోతాయి. గుడాకులో పొగాకు ఉంటుంది, అది పళ్లపొడే కాదు.

గుట్కా, వక్క నమిలేవాళ్ల సంగతి వేరే. వక్కతోనే లోపలి బుగ్గ బిగుసుకుపోతుంది, పొగాకు లేకపోయినా. మూడు వేళ్లు నిలువుగా నోట్లో పట్టకపోతే ఆలస్యం చేయకుండా చూపించుకోండి. నోరు తెరుచుకోనివాళ్లకు వెనక పన్నుకు రూట్ కెనాల్ పరికరమే దూరదు.

నర్సమ్మ_సికింద్రాబాద్

వృద్ధుల మందుల గురించి నా వంతు. బీపీ, డిప్రెషన్, అలర్జీ మాత్రలు చాలావాటితో నోరు ఎండిపోతుంది. ఉమ్మి లేనిచోట తేలిన వేర్ల మీద పుచ్చు నెలల్లో పాకుతుంది, వేరు ఎనామెల్‌కన్నా తేలికపాటి ఆమ్లానికే కరుగుతుంది. నోరు ఎండుతోందని నిమ్మ బిళ్లలు చప్పరించడం అందరూ చేసే పని, అదే పళ్లను తినేస్తుంది. నీళ్లు గుక్కగుక్కగా తాగడం, చక్కెర లేని చూయింగ్ గమ్, ఫ్లోరైడ్ వార్నిష్ మేలు.

పన్ను పీకించడానికి ముందు ఆస్పిరిన్ సొంతంగా ఆపేయొద్దు, గుండె డాక్టరుకూ పళ్ల డాక్టరుకూ ఇద్దరికీ చెప్పండి. ఎముకల బలానికి వేసే బిస్‌ఫాస్ఫొనేట్ మాత్రలు, ఇంజెక్షన్లు వాడుతుంటే తప్పనిసరిగా చెప్పాలి, పీకిన చోట దవడ ఎముక మానకపోవచ్చు. ఆమ్లోడిపిన్‌తో కొందరికి చిగుళ్లు పెరుగుతాయి. నొప్పి పంటి పక్కన మాత్ర నలిపి పెట్టడం, లవంగ నూనె దూది గంటల తరబడి ఉంచడం, రెండూ చిగురును కాలుస్తాయి.

పరికరాలు సీల్ చేసిన కవర్లోంచి మీ ముందే తీయాలి. కవరు మీద ఆటోక్లేవ్ (ఆవిరి ఒత్తిడితో క్రిములు చంపే యంత్రం) గుర్తు రంగు మారి ఉండాలి. మరిగించిన నీళ్లు స్టెరిలైజేషన్ కాదు.

ల్యాబ్_బెంచ్

కట్టుడు పళ్లకు నాలుగు మాటలు. కడిగేటప్పుడు సింకుల నీళ్లు నింపి, లేకుంటే తువ్వాల వర్సి దాని మీద కడగాలె, జారిపడితే నడిమిట్ల ఇరుగుతది. టూత్‌పేస్టుతోని రుద్దొద్దు, గీతలు వడి గండ్ల పాచి జమైతది. మెత్తటి బ్రష్, గిన్నెలు తోమే లిక్విడ్ సాలు. మసిలే నీళ్లు పోస్తే ప్లాస్టిక్ వంకరైతది. రాత్రి తీసి సల్ల నీళ్లల్ల వెయ్యాలె, ఎండనియ్యొద్దు. లోహం ఉన్న పార్షియల్‌కు (కొన్ని పళ్లకే పెట్టే సెట్టు) బ్లీచింగ్ నీళ్లు వద్దు, నల్లగైతది. ఇరిగితే ఫెవిక్విక్‌తోని అతికియ్యకుండ్రి. ముక్కలు సరిగ్గ కూసోవు, గమ్ము గీకలేక మేం పరేషానయితం. ముక్కలు రెండూ పట్టుకొస్తే రిపేరయితది.

చిగుళ్ల_పని

కొత్త సెట్టు ఒరుసుకుని పుండు పడితే తీసి దాచేసి, డాక్టరు దగ్గరికి రోజున పెట్టుకొస్తారు. అలా చేస్తే ఎక్కడ గీకాలో కనిపించదు. వెళ్లే ముందు రోజు, నొప్పైనా కాసేపు పెట్టుకోండి, ఎర్ర మచ్చ చూసి ఆ చోటే తగ్గిస్తారు. రాత్రి కూడా తీయనివాళ్లకు అంగిలి ఎర్రబడి ఫంగస్ పడుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ దవడ ఎముక అరిగి సెట్టు వదులవుతుంది, గమ్ము పొడి ఎక్కువ పోసుకోవడం కాదు, లోపల కొత్త పొర వేయించాలి.

తార్నాక_సందేహం

ఇన్ని వివరాలకు చాలా థ్యాంక్స్. రెండు ప్రశ్నలు మిగిలాయి. ఆటలో పన్ను పూర్తిగా ఊడి చేతిలోకొస్తే? పాత వెండి సిమెంట్ ఫిల్లింగులు తీయించేయాలా?

చిన్న_పళ్లు

ఊడినది పాల పన్నైతే తిరిగి పెట్టొద్దు. శాశ్వత పన్నైతే పైభాగం పట్టుకోండి, వేరు ముట్టుకోవద్దు, రుద్దొద్దు. మట్టి ఉంటే పది సెకన్లు నీళ్లతో తొలిచి అదే గుంతలో పెట్టి, గుడ్డ కొరికించి బయల్దేరండి. పెట్టలేకపోతే చల్లటి పాలలో వేయండి, నీళ్లలో వద్దు. పొడిగా అరగంట దాటితే వేరు మీది కణాలు చచ్చిపోవడం ఎక్కువవుతుంది. సాయంత్రం ట్రాఫిక్‌లో నగరం దాటి తెలిసిన డాక్టరు దగ్గరికి పోవడంకన్నా దగ్గర్లో ఎవరున్నా వెళ్లడం మంచిది. పగటిపూట పాతబస్తీ, కోఠి వైపు ఉంటే అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆసుపత్రి దగ్గరి ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది. మామూలు పనులకూ అక్కడ పిల్లలు, చిగుళ్లు, కట్టుడు పళ్ల విభాగాలన్నీ వేర్వేరుగా ఉన్నాయి. ఓపీకి పొద్దున్నే వెళ్లాలి, ఒక్క పనికి నాలుగైదుసార్లు తిరగాల్సి రావొచ్చు.

అంచు_డాక్టర్

వెండి సిమెంట్ అంటే అమాల్గమ్, అందులో పాదరసం ఉంటుంది. పాదరసం వాడకం తగ్గించే మినమటా ఒప్పందం దేశాలు 2022లో, డాక్టరు తప్పనిసరి అనుకుంటే తప్ప 15 ఏళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు వాడొద్దని తీర్మానించాయి. ఐరోపా యూనియన్ 2025 జనవరి నుంచి దాదాపు ఆపేసింది. అయితే ఉన్నదాన్ని తీసేటప్పుడే పాదరసపు ఆవిరి ఎక్కువ లేస్తుంది. అంచు బాగున్న పాత ఫిల్లింగును రంగు నచ్చలేదని తొలిపించొద్దు. తీసిన ప్రతిసారీ కొంత మంచి పన్నూ పోతుంది, గుంత పెరుగుతుంది. చిన్న ఫిల్లింగ్ పెద్దదై, పెద్దది క్యాపై, చివరికి పీకుడు దాకా పోయే దారి అది.

తెల్ల ఫిల్లింగుకూ అంతే. అంచున రంగు మాత్రమే పట్టి, మొన తగిలించి చూస్తే గట్టిగా ఉంటే పాలిష్ చాలు. ఒక మూల మాత్రమే పుచ్చితే ఆ మూల గీకి అతుకు వేస్తే సరిపోతుంది. సందుల్లో అనుమానముంటే కొరికి పట్టే బైట్‌వింగ్ ఎక్స్‌రే తీయించండి, పైకి కనపడని కింది అంచు అందులో కనిపిస్తుంది. పుచ్చు ఎక్కువగా వచ్చే నోరైతే ఏడాదికోసారి, లేనివాళ్లకు రెండేళ్లకోసారి తీస్తే చాలు. పాత ఎక్స్‌రేలు పారేయకుండా ఫోన్‌లో దాచుకోండి, కొత్త డాక్టరు దగ్గరికి వెళ్తే పక్కపక్కన పెట్టి చూడొచ్చు.